ముందు ఎవరి భాష?

ఆమె: మీ తెలుగు క్లాసుకి చందా ఇవ్వనని కాదు మాస్టారూ. కరపత్రంలో "బెంగళూరులో అంతరించిపోతున్న మన తెలుగును కాపాడుకుందాం" అని వేశారు చూడండి, ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మా మాతృభాష అని చెప్పినవాళ్ళు 8.11 కోట్ల మంది. ఒక్క కర్ణాటకలోనే 35 లక్షల పైచిలుకు. రెండు శాసనసభలు ఆ భాషలో పోట్లాడుకుంటాయి, సినిమాలు, పేపర్లు, టీవీలు అన్నీ ఉన్నాయి. ఇంత భాషకి ఆ మాట వాడేస్తే, నిజంగా అంతరిస్తున్నవాటికి ఏ మాట మిగులుతుంది?

ఆయన: లెక్కలు నాకూ తెలుసమ్మా, బ్యాంకులో ముప్పై అయిదేళ్ళు లెక్కలే చూశాను. 2001లో మనది దేశంలో మూడో భాష. 2011కి మరాఠీ మనల్ని దాటిపోయింది. నూటికి 7.19 ఉన్నవాళ్ళం 6.70కి వచ్చాం. అయినా నా గోడు అది కాదు, మా ఇంటి లెక్క వేరే ఉంది. మా తాత చిక్కపేటలో బట్టల కొట్టు గుమస్తా. మా అమ్మ పుట్టిందీ పోయిందీ ఈ ఊళ్ళోనే. చదువు కన్నడంలో, సంసారం తెలుగులో. నాదీ అదే దారి, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. నా కూతురు మాట్లాడుతుంది, చదవలేదు. మనవరాలికి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. దాని పిల్లలకి అర్థం కూడా కాదు. రాజమండ్రిలో, వరంగల్లులో కోట్లమంది మాట్లాడుతున్నారని చెబితే మా ఇంట్లో ఆరిపోయిన దీపం వెలుగుతుందా?

ఆమె: ఆరితే పక్కింటికి వెళ్ళి అంటించుకు రావచ్చు. నేను చెప్పే తేడా అదే. మారతహళ్ళిలో రోజూ పొద్దున్నే బస్సుల్లోంచి తెలుగు దిగుతోంది. వ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది. మీ మనవరాలికి ముప్పయ్యేళ్ళొచ్చాక బుద్ధి పుడితే నిఘంటువు ఉంటుంది, పాఠం చెప్పేవాళ్ళు ఉంటారు, పోట్లాడటానికి మనుషులుంటారు. 2010 జనవరిలో అండమాన్‌లో బోవా సీనియర్ అనే ముసలమ్మ పోయింది. బో భాష ఎరిగినవాళ్ళలో ఆఖరి మనిషి. ఆ భాష ఆమెతోనే మట్టిలో కలిసింది. ఆ తర్వాత ఎవరికి ఎంత బుద్ధి పుట్టినా లాభం లేదు. వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోవడాన్ని నేను అంతరించడం అంటాను. మీ దారి మూసుకుపోలేదు, మీవాళ్ళు నడవడం మానేశారు.

ఆయన: యునెస్కో వాళ్ళు మన దేశంలో 197 భాషలు ప్రమాదంలో ఉన్నాయని పట్టిక వేశారు. వాళ్ళు ముందుగా చూసేది ఎంతమంది ఉన్నారన్నది కాదు. పెద్దల నోట్లోంచి పిల్లల నోట్లోకి వెళుతోందా లేదా అని చూస్తారు. ఆ ప్రశ్నే నిన్ను అడుగుతాను. మీ గూడెంలో ఆరేళ్ళ పిల్లలు ఏం మాట్లాడతారు?

ఆమె: సొర. మీరు సవర అంటారు, మేం సొర అంటాం.

ఆయన: అందరూనా?

ఆమె: అందరూ.

ఆయన: మా అపార్ట్‌మెంటులో తెలుగువాళ్ళ ఇళ్ళు నలభై దాకా ఉన్నాయి. ఆడుకునేటప్పుడు ఒకరితో ఒకరు తెలుగులో మాట్లాడుకునే పిల్లలు ఇద్దరు కూడా లేరు. ఇప్పుడు చెప్పు తల్లీ, ఏది ప్రమాదంలో ఉంది?

ఆమె: గట్టిగానే కొట్టారు. ఒప్పుకుంటాను, ఆరేళ్ళ దాకా మా భాషే భద్రంగా ఉంది. ఏడో ఏడు గురించి కూడా వినండి మరి. సీతంపేట వైపు కొండమీద గూడెం మాది. నన్ను కింద ఆశ్రమ పాఠశాలలో వేశారు. మొదటిరోజు బోర్డు మీద అల, వల అని రాసి చదవమన్నారు. మా కొండమీద అల లేదు, వల లేదు. పక్కనున్న పిల్లని అదేమిటని మా మాటలో అడిగితే బెంచీ ఎక్కించారు. ఆ టీచరు చెడ్డది కాదు, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది. కానీ మా మాట నోట్లోంచి వస్తే అది తప్పు అని ఆవిడకి ఎవరో నేర్పారు, ఆవిడ మాకు నేర్పింది. అయిదో తరగతికల్లా కలలు కూడా తెలుగులోనే వచ్చేవి. సెలవులకి ఇంటికెళితే మా నాయనమ్మ చెప్పే కథ మధ్యలో మాటలు తెగిపోయేవి. మీకు ఇంగ్లీషు ఏం చేసిందో నాకు తెలుగు అదే చేసింది మాస్టారూ. అన్నం పెట్టింది, నోరు కట్టింది. అలాంటి తెలుగుని కాపాడమని మీరు నా దగ్గరికే వచ్చారు.

ఆయన: నేనెప్పుడూ అటువైపు నుంచి చూడలేదు. ఒక్క మాట. తెలుగు అలా చేసిందనడం కన్నా, తెలుగు పేరు చెప్పి సర్కారు చేసిందనడం న్యాయం కదా? తెలుగువాళ్ళందరూ ఒకటి కాదు. గిడుగు రామమూర్తి గారు తెలుగాయనే. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటలోనే బళ్ళు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. చేతిలో డబ్బు ఖర్చుపెట్టుకున్నారు, ఒంట్లో ఆరోగ్యం ఖర్చుపెట్టుకున్నారు.

ఆమె: ఆయన పేరు చెబితే నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆయన పుట్టిన ఆగస్టు 29ని మీరేం చేశారు? తెలుగు భాషా దినోత్సవం చేశారు. వాడుక భాష కోసం పోరాడారని దండలు వేస్తారు. ఆయన జీవితంలో సగం మాది. సవర పిల్లలకి సవరలో చదువు చెప్పాలన్న సగం. ఆ రోజు ఏ వేదిక మీదైనా ఒక్క సొర మాట వినిపిస్తుందా?

ఆయన: మా సభలో వినిపించలేదు. పోయిన ఏడాది ఆ సభ నడిపించింది నేనే.

ఆమె: ఆయన తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేదని కూడా అనను. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది భాషల్లో వాచకాలు వేశారు. సవర, కోయ, కొండ, కువి, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. లిపి మాత్రం తెలుగుదే. మా మాటల్లో గొంతులోనే టక్కుమని తెగిపోయే శబ్దం ఒకటుంది. దానికి మీ యాభై ఆరు అక్షరాల్లో చోటు లేదు. అయినా మా తమ్ముడి కొడుకు ఆ పుస్తకంలో తన ఇంటి మాట అచ్చులో చూసి నవ్వాడు. నేను నవ్వలేకపోయిన నవ్వు అది. కానీ ఆ చదువు లెక్క ఏమిటంటే, మొదట సొర, తరగతి పెరిగేకొద్దీ తెలుగు. దాన్ని వంతెన అన్నారు. ఆ వంతెన మీద అటే నడుస్తారు, ఇటు ఎవరూ రారు. మా గూడెం కింద ఊళ్ళో తెలుగు పిల్లలున్నారు. మా మాట నాలుగు ముక్కలు నేర్చుకొమ్మని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఆయన: మీకు సొంత లిపి ఉందని చదివాను.

ఆమె: ఉంది. 1936లో మంగయ్ గొమాంగో తయారుచేశాడు, సోరా సొంపెంగ్ అంటారు. ఒడిశా వైపు కొందరికి అది దేవుడితో సమానం. మా వైపు బళ్ళలోకి రాలేదు. అక్కడ ఒడియా లిపి, ఇక్కడ తెలుగు లిపి, చర్చి పుస్తకాలకి ఇంగ్లీషు అక్షరాలు. నాలుగు లక్షల మంది మాట్లాడే భాషని నాలుగు లిపుల్లో పంచేశారు. నేను రాసిన ఉత్తరం కొండకి అవతల ఉన్న మా చుట్టం చదవలేడు.

ఆయన: ఆ 1936లోనే ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు పోతే, గిడుగు గారు ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. గీత గీసినవాళ్ళు తెలుగువాళ్ళనీ సవరలనీ ఇద్దర్నీ అడగలేదు.

ఆమె: గీతకి రెండువైపులా మీకు అధికారం లేకపోయినా ఒకవైపైనా ఉంది. మాకు ఏ వైపూ లేదు.

ఆయన: సరే. లిపి మాట వచ్చింది కాబట్టి, నా పాఠం ఎందుకో చెప్పనీ. ఇక్కడ తెలుగు అక్షరాలు లేకుండానే తరాలు బతికింది. కైవార నారాయణప్ప గారి తెలుగు తత్వాలు కోలారు, చింతామణి వైపు పల్లెల్లో ఈరోజుకీ పాడతారు. చాలామంది వాటిని కన్నడ లిపిలోనే చదువుకుంటారు. మల్లేశ్వరంలో సంగీతం నేర్చుకునే పిల్లలు త్యాగరాజ కీర్తనలు కన్నడ అక్షరాల్లో రాసుకుంటారు. విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరులో ఉన్న మోక్షగుండం ఆంధ్రదేశపు పల్లె. ఈ ఊరి నేలలో తెలుగు అంత లోతుకి దిగింది. దాన్ని మోసినవాళ్ళకి అక్షరాలు అక్కరలేకపోయింది, ఎందుకంటే ఇంట్లో అమ్మ ఉంది, వీధిలో నేస్తం ఉంది, గుళ్ళో పాట ఉంది. ఇప్పుడు ఆ మూడూ పోయాయి. అందుకే అక్షరం కావాలంటున్నాను. మాట పోయినా పుస్తకంలోంచి తిరిగి రావడానికి ఒక తాళంచెవి ఉండాలి.

ఆమె: మీ ఆదివారం క్లాసు నేను కిటికీలోంచి విన్నాను. ఏమీ అనుకోకండి. మీరు పిల్లలతో మాట్లాడే తెలుగు మీ తెలుగు కాదు. నాతో మాట్లాడేటప్పుడు మీ నోట్లో "సుమ్నే", "జాస్తి" దొర్లుతాయి. క్లాసులో ఒక్కటీ దొర్లదు. వార్తలు చదివినట్టు మాట్లాడతారు. ఒక అబ్బాయి "సాకు సార్" అంటే, "చాలు అనాలి" అని దిద్దారు.

ఆయన: మా అమ్మ "సాకు" అనే అనేది. వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "సాకు సాకు" అనేది. ఆవిడ జీవితంలో "చాలు" అన్నది నేను వినలేదు.

ఆమె: మరి ఆ అబ్బాయి నోట్లోంచి వచ్చింది మీ అమ్మగారి మాటే. బెంగళూరులో అంతరిస్తున్న తెలుగు ఏదైనా ఉంటే అది ఆ మాట. కన్నడంతో ఒకే కంచంలో తిని పెరిగిన తెలుగు. దాన్ని మీరే దిద్దేసి, దాని స్థానంలో 8.11 కోట్ల మంది తెలుగుని పెడుతున్నారు. దానికి మీ కాపలా అక్కరలేదు. నన్ను బెంచీ ఎక్కించిన టీచరు కూడా మంచి ఉద్దేశంతోనే దిద్దింది.

ఆయన: దెబ్బ తగిలిందమ్మా. నిజమే, సంకోచంతో చేసిన పని అది. మా తెలుగు విని గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చినవాళ్ళు నవ్వుతారు. "మీది తెలుగేనా?" అంటారు. యాభై ఏళ్ళుగా విన్నాను. పిల్లల్ని చూసి కూడా నవ్వుతారేమోనని నవ్వులేని తెలుగు నేర్పుదామనుకున్నాను. ఆ నవ్వు నుంచి తప్పించుకునే వేరే దారి నాకు కనిపించలేదు. ఏ తెలుగు నేర్పాలి? మా అమ్మ తెలుగుకి వాచకం లేదు. మాట్లాడేవాళ్ళలో మిగిలింది నా ఈడువాళ్ళం కొందరం. ఆ తెలుగు నేర్పితే, ఈ పిల్లలు నాతో తప్ప ఎవరితో మాట్లాడాలి?

ఆమె: ఆ ప్రశ్న నాదీ. రోజూ నాకు నేను వేసుకునేది అదే. అందుకే ఇంకో మాట అడుగుతున్నాను. ఇది కన్నడ నేల. 2011 లెక్కల్లో ఈ నగరంలో కన్నడం మాతృభాష అన్నవాళ్ళు సగానికి లోపే. వాళ్ళకే భయంగా ఉంది. మీ పిల్లల ఆదివారం ఒక గంట ఉంటే, అది కన్నడానికి ఇవ్వడం న్యాయం కాదా? పాల భాష పోతే పోయింది, నేల భాష అయినా దక్కుతుంది.

ఆయన: కన్నడం నాకు పరాయిది కాదు. 1982లో కన్నడం కోసం నడిచిన గోకాక్ ఉద్యమంలో నటుడు రాజ్‌కుమార్ వస్తున్నాడంటే నేనూ వెళ్ళి నిలబడ్డాను. మా పిల్లలకి బళ్ళో కన్నడం ఉండాలని 2015లో చట్టం వచ్చింది, మంచిదే అన్నాను. నేను దుకాణం బోర్డు మీద తెలుగు అడగడం లేదు, ప్రభుత్వ కాగితం మీద అడగడం లేదు. రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, భాషా మైనారిటీ పిల్లలకి మాతృభాషలో చదువు ఏర్పాటు చెయ్యమని. దాన్ని పట్టుకుని ఎవరి మీదా పోట్లాడటం లేదు. నేనడిగేది ఇంట్లో వంటగది దాకానే. వంటగదిలో కన్నడం తెలుగు మీదికి ఎప్పుడూ రాలేదు, మా అమ్మే సాక్షి. రెండూ ఒకే పొయ్యి మీద ఉడికాయి. రెండింటినీ కలిపి బయటికి నెట్టింది ఇంగ్లీషు. అది కూడా తనంతట తాను రాలేదు, మేమే తలుపు తీశాం. 1994లో కర్ణాటక ప్రభుత్వం చిన్న తరగతులు మాతృభాషలోనో కన్నడంలోనో చెప్పాలంది. ప్రైవేటు బళ్ళు కోర్టుకెళ్ళాయి. ఇరవై ఏళ్ళు నడిచి, 2014లో సుప్రీంకోర్టు తేల్చింది: ఏ మాధ్యమమో ఎంచుకోవడం తల్లిదండ్రుల, పిల్లల హక్కు, సర్కారు బలవంతపెట్టకూడదు. చట్టం దృష్టిలో సరైన తీర్పే. మేం ఆ హక్కుతో ఏం ఎంచుకున్నామో ఊరందరికీ తెలుసు.

ఆమె: ఎంచుకోవడాన్ని తప్పుపట్టకండి. మా నాన్నా ఎంచుకున్నాడు. పోడు చేసుకుంటూ, సీతంపేట సంతలో అనాసపండ్లు అమ్ముకుంటూ, తూకంలో ఎక్కడ మోసపోతున్నాడో తెలియక, "నా కూతురికి వాళ్ళ భాష రావాలి" అనుకున్నాడు. వచ్చింది కాబట్టే ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను. 2019లో ఆంధ్రాలో సర్కారు బళ్ళన్నీ ఇంగ్లీషు మాధ్యమం చేస్తామంటే, తెలుగు పోతుందని పెద్దలు గోలపెట్టారు, 2020లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. ఆ గోల పెట్టినవాళ్ళ పిల్లలు ఎక్కడ చదివారని మా వాళ్ళు అడిగారు. ఆ ప్రశ్నలో కోపముంది, న్యాయమూ ఉంది. భాష కోసం ఆకలితో ఉండమని ఇంకొకరికి చెప్పే హక్కు కడుపు నిండినవాళ్ళకి లేదు.

ఆయన: లేదు. కానీ రెండిట్లో ఒకటే దక్కుతుందని ఎవరన్నారు? మా అమ్మకి రెండు భాషలు వచ్చు, నాకు నాలుగు. ఏ ఒక్కటీ ఇంకోదాని అన్నం లాక్కోలేదు. ఒకటి నేర్చుకోవాలంటే ఇంకొకటి వదిలెయ్యాలన్నది మా కూతురి తరంలో వచ్చిన భయం. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని బళ్ళో చెప్పారట. అది మాట్లాడింది.

ఇంకోచోట జరిగింది చెబుతాను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో హోచంక్ అనే ఆదివాసీ జాతి ఉంది. 1830ల నుంచి వాళ్ళని పట్టుకెళ్ళి నదుల అవతల వదిలేస్తుంటే, మళ్ళీ మళ్ళీ నడిచి తిరిగొచ్చారు. నేలని అంత పట్టుదలగా అంటిపెట్టుకున్న మనుషులు. పిల్లల్ని మాత్రం సర్కారు బోర్డింగు బళ్ళలో వేసింది. టోమా అనే ఊళ్ళో 1893లో అలాంటిది ఒకటి మొదలైంది. నేల దక్కింది, భాష జారిపోయింది. ఇప్పుడు అమ్మ ఒళ్ళో ఆ భాష నేర్చుకున్నవాళ్ళు వందలోపే, అందరూ ముసలివాళ్ళు. ఆ జాతి ప్రభుత్వమే భాషకొక విభాగం పెట్టి, కుర్రవాళ్ళకి జీతమిచ్చి ముసలివాళ్ళ పక్కన శిష్యులుగా కూర్చోబెడుతోంది. ఇంకా వేలమంది మాట్లాడుతున్న రోజుల్లో ఎవరైనా "అంతరిస్తోంది" అని ఉంటే, "ఇంతమందిమి ఉంటే అదేం మాట" అనే ఉంటారు, నువ్వు నన్ను అన్నట్టే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం కాకుండా, ముందే తవ్వుదామంటున్నాను.

ఆమె: బావి మాట ఒప్పుకుంటాను. ఆ కథలో మీరెవరు, నేనెవరు అన్నదాని దగ్గరే ఒప్పుకోలేను. హోచంక్ పిల్లల నోట్లోంచి భాషని బడి లాక్కుంది. మీ ఇంట్లో ఎవరూ లాక్కోలేదు మాస్టారూ, మీరే ఇచ్చేశారు. ఆ కథలో ఆశ్రమ పాఠశాల ఉంది చూడండి, అది మాది. బడి నడిపిన భాష మీది. ఇంకోటి. వాళ్ళకి సొంత ప్రభుత్వముంది, కాసినోల రాబడి ఉంది, శిష్యులకి జీతమివ్వగలరు. మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థ 2013లో ఒక పథకం పెట్టింది, పదివేలలోపు మంది మాట్లాడే భాషల్ని రికార్డు చెయ్యడానికి. మంచి పనే. మేం నాలుగు లక్షల మందిమి కాబట్టి దానికి ఎక్కువ, మీలాగా కోట్లలో లేము కాబట్టి మిగతావాటికి తక్కువ. చావుకి దగ్గరైతే రికార్డు చేస్తారు, బలంగా ఉంటే బళ్ళో పెడతారు. మధ్యలో ఉన్నవాళ్ళు ఎటూ కాకుండా పోతారు. అందుకే మీ కరపత్రం మీద కోపమొచ్చింది. జనం దగ్గర భాష గురించి బాధపడే ఓపిక కొంచెమే ఉంటుంది. ఆ కొంచెమూ మీరు పట్టుకుపోతారు.

ఆయన: ఆ ఓపిక పంచుకుంటే తరిగేదా? తన భాష పోతోందని ఏడ్చినవాడికే కదా పక్కవాడి ఏడుపు అర్థమయ్యేది. మా ఇంట్లో ఇది జరగకపోతే, నువ్వు సొర గురించి చెబుతుంటే నేను ఇంతసేపు వినేవాణ్ణి కాదు. పెద్ద భాషవాడు తన భాష అమరం అనుకున్నంతకాలం చిన్న భాషని చూడడు. 2018లో హంపి కన్నడ విశ్వవిద్యాలయంలో పలు రాష్ట్రాల గోండులు కలిసి తయారుచేసుకున్న నిఘంటువు విడుదల చేశారు. మహారాష్ట్ర గోండి, తెలంగాణ గోండి, ఛత్తీస్‌గఢ్ గోండి ఒకరికొకరికి అర్థమయ్యేలా మాటలు ఏరుకున్నారు. అది కన్నడ గడ్డ మీద జరిగింది. తన భాష గురించి భయం ఎరిగిన చోటే అలాంటి పనికి చాప పరుస్తారు.

ఆమె: అది మంచి మాట. నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు, కాని మంచి మాట. భయపడే పెద్ద భాష చాప పరచడమే కాదు, కర్ర కూడా తీస్తుంది. తమిళనాడులో, హోసూరులో చూడండి. తమిళం కోసం భయపడి 2006లో అక్కడ చట్టం తెచ్చారు, తెలుగు బళ్ళ మీద పడింది.

ఆయన: పడింది. మా మేనల్లుడి పిల్లలు అక్కడే చదివారు. తమిళం మీద నాకు కోపం లేదు, కానీ ఆ పిల్లలు తెలుగు పరీక్ష రాసే చోటు కోసం తిరిగారు. కర్ర దెబ్బ ఎలా ఉంటుందో తెలుసు కాబట్టే నా చేతిలో కర్ర వద్దంటున్నాను.

నువ్వు పనిచేసేది యంత్రాలకి భాషలు నేర్పేచోట కదా. ఐఐఎస్‌సీ వాళ్ళు వాణి అని దేశంలో జిల్లా జిల్లాకీ వెళ్ళి గొంతులు పోగుచేస్తున్నారు. మీ అమ్మ గొంతు అందులో చేరితే భాష నిలిచినట్టు కాదా?

ఆమె: రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేది అవే. ఎవరో ఒక అమ్మ ధాన్యం గురించి చెబుతుంది, నేను మాటమాటకీ గీత గీసి రాస్తాను. మా అమ్మని కూడా ఫోన్లో నలభై గంటలు రికార్డు చేశాను. కందికొత్తల పండగ పాటలు, మందు మొక్కల పేర్లు, పెళ్ళి బేరాలు. కానీ మాస్టారూ, ఊరగాయ పెట్టిన మామిడికాయ ఎన్నేళ్ళయినా ఉంటుంది, మొలకెత్తదు. మా పెద్దవాళ్ళు చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడేవారు. అమ్మవారు పూనినట్టు మా కురన్ మీదికి పోయినవాళ్ళు వచ్చేవారు. కోపతాపాలు, అప్పులు, బెంగలు అన్నీ చెప్పుకునేవారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లీషాయన ఒడిశా కొండల్లో 1970ల నుంచి అదంతా విని పుస్తకాలు రాశాడు. ఇప్పుడు చాలామంది చర్చికి వెళుతున్నారు, ఆ మాటలు ఆగిపోయాయి. చర్చిలో పాటలు సొరలోనే పాడతారు కాబట్టి భాష కొంత నిలిచింది, అదీ చెప్పాలి. నాకొక భయం ఉంది, నవ్వకండి. రేపు మా అమ్మ పోయి, నా కొడుకుతో ఏదైనా చెప్పాలనుకుంటే ఏ భాషలో చెబుతుంది?

ఆయన: నవ్వను. అబ్బాయికి సొర రాదా?

ఆమె: రాదు. వాళ్ళ నాన్నది కాకినాడ. ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, కింద ఆటల్లో హిందీ, కొంచెం కన్నడం. నేను వాడితో సొరలో మొదలుపెడతాను, రెండో వాక్యానికి తెలుగులోకి జారిపోతాను. పని తొందరలో జారిపోతాను, కోపమొస్తే జారిపోతాను. ముద్దొస్తే మాత్రం సొర వస్తుంది. వాడు అది మాట అనుకోడు, నా గారం అనుకుంటాడు.

ఆయన: మరి మీ అమ్మ ఫోన్ చేస్తే ఎలా మాట్లాడతాడు?

ఆమె: మా అమ్మ తెలుగు నేర్చుకుంది. అరవై దాటాక. సంతలో వ్యాపారి దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర ఒక్కో మాట అడిగి నేర్చుకుని, "బాబూ, తిన్నావా, బడికి ఎల్లావా" అంటుంది. తప్పులు పోతుంది. వాడు దిద్దుతాడు.

ఆయన: మా ఆవిడ మనవరాలి కోసం ఇంగ్లీషు నేర్చుకుంది. ఫోను పక్కన చిన్న నోటుబుక్కు పెట్టుకుని, కన్నడ అక్షరాల్లో ఇంగ్లీషు మాటలు రాసుకుంటుంది. అవతల నుంచి నవ్వు వినిపిస్తే, సరిగ్గా అన్నాననుకుని సంతోషపడుతుంది.

ఆమె: ముసలివాళ్ళే నడిచి వస్తున్నారు మాస్టారూ, మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ. అయినా మీ క్లాసుకి చందా ఇవ్వలేను. ఆ కరపత్రం ఉన్నంతవరకూ ఇవ్వలేను.

ఆయన: "అంతరించిపోతున్న" తీసేస్తాను. దాని బదులు ఏం వెయ్యాలో నువ్వే చెప్పు.

ఆమె: "మా ఇళ్ళలో మాట ఆగిపోతోంది" అని వెయ్యండి. అది నిజం.

ఆయన: వేస్తాను. "సాకు" అన్న అబ్బాయిని ఇక దిద్దను. ఇంకొకటి అడుగుతాను, కాదనకు. మీ అమ్మ ఇక్కడికి వస్తుందా ఎప్పుడైనా?

ఆమె: కందికొత్తల పండగ అయ్యాక వస్తుంది.

ఆయన: ఒక ఆదివారం మా పిల్లల ముందు కూర్చుని కథ చెప్పమను. సొరలో. మీ వాణ్ణి కూడా తీసుకురా.

ఆమె: చెబుతుంది. ఆవిడకి కథ చెప్పడానికి మనిషి దొరికితే చాలు. పిల్లలకి అర్థమెలా అవుతుంది?

ఆయన: నువ్వు పక్కన కూర్చుని తెలుగులో చెబుదువు.

ఆమె: చూశారా, మళ్ళీ వంతెన మీద అటే నడిపిస్తున్నారు.

ఆయన: మరేం చెయ్యమంటావు? ఏమీ అర్థం కాకుండా గంటసేపు కూర్చోబెట్టమంటావా?

ఆమె: నన్ను ఏడాది కూర్చోబెట్టారు.